వరుస కింది మాట

"అన్నం మీద అలిగితే ఎండేది నీ కడుపేరా! తలుపు తియ్యి."

ఆయీ ఈసారి అరచేత్తో కాదు, ఆమ్టీ పప్పుచారు గరిటెతో కొట్టింది తలుపుని. లోపల ఉన్నది ఆవిడ పెద్దకొడుకు శిరీష్ బర్వే.

గురువారం నుంచి అతను మేడ మీది వంటింటి గడప తొక్కలేదు. కింద ఆఫీసు గదిలోనే మకాం. మూలమీది కొట్టు నుంచి మొలకల మిసళ్ తెప్పించుకోవడం, ఆ కారానికి ముక్కు ఎగబీల్చడం, ఆ చప్పుడు విని ఏడుస్తున్నాడనుకుంటారేమోనని పంకా వేగం పెంచుకోవడం. యాభైకి దగ్గరపడుతున్న మనిషి, నలుగురికి జీతాలిచ్చే మనిషి. ఉన్న మాటంటే ఉలుకెక్కువని ఊరికే అన్నారా!

"నేను తినేశానాయీ."

"ఏం తిన్నావు, ఆ కొట్టువాడి కారమేగా? రేపు కడుపులో మంటని నన్నే ధనియాల నీళ్ళడుగుతావు."

"అడగను."

"అడుగుతావు. మీ నాన్నా అడగనన్నవాడే."

తలుపు తెరుచుకుంది. ఆయీ పళ్ళెం తీసుకొచ్చి కంప్యూటర్ ముందు పెట్టింది. వేడి అన్నం, ఆమ్టీ, పక్కన పచ్చి దోసకాయ ముక్కల కోశింబీర్. శిరీష్ పళ్ళేన్ని పక్కకి జరిపాడు. మరీ దూరం మాత్రం జరపలేదు.

"ఇంతకీ ఆ పిల్ల నిన్నేమంది? అదన్నా చెప్పు. మొద్దు అందా? చవట అందా?"

"అనలేదు."

"మరి?"

"తప్పులు చూపించింది. లైను లైనుకీ. అందరూ చూస్తుండగా."

"ఉన్నాయా మరి తప్పులు?"

శిరీష్ ఆమ్టీ మీద తెట్టు కట్టడం చూస్తూ కూర్చున్నాడు.

గురువారం పొద్దున జరిగింది ఇదీ. ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు కోసం వాళ్ళ ఇంటి కంపెనీ చేస్తున్న సాఫ్ట్‌వేర్‌లో శిరీష్ రాసిన భాగాలూ, తమ్ముడి భార్య కేతకి రాసిన భాగాలూ కలిపి ఒక్క మూటగా కట్టారు. ఆ మూటని కేతకి తయారుచేసిన కొత్త పరికరం చదివింది. దానికి ఆవిడ పెట్టిన పేరు ఠిప్కా, ముగ్గుచుక్క. పేరుకు తగ్గట్టే తేడాగా కనపడ్డ ప్రతి లైను కిందా, సరిగ్గా ఆ లైను కిందే, ఒక చిన్న మాట రాసి పెట్టింది. టీ చల్లారేలోపు శిరీష్ రాసినదాని నిండా మాటలే.

అంతవరకైతే ఓర్చుకునేవాడేమో. కానీ ప్రతి మాట పక్కనా కేతకి ఫొటో ఉంది. పెళ్ళినాటిది. ముక్కుకి ముత్యాల నత్తు, నుదుటి పక్కల వేలాడే ముండావళ్య పేటలు, చెవుల దాకా నవ్వు. పరికరం లోపలికి వెళ్ళి రాయాలంటే దానికొక తాళంచెవి, అంటే పాస్‌వర్డ్‌లాంటిది, ఇవ్వాలి. తొందరలో కేతకి తన తాళంచెవే ఇచ్చేసింది. అందుకని అది ఏం రాసినా ఆవిడ రాసినట్టే పడింది. ఆఫీసు పిల్లలు చూశారు. నాగపూర్‌లో పని పంచుకుంటున్నవాళ్ళూ చూశారు. చిన్నకోడలు నవ్వుతూ పెద్దాయన చెవి పట్టుకుని లైను లైనుకీ తిప్పినట్టయింది.

ప్రతి మాట కిందా "తేలిపోయింది" అని ఒక బొత్తం ఉంటుంది. నొక్కితే ఆ మాట మడతపడిపోతుంది. శిరీష్ టకటకా అన్నీ నొక్కేశాడు. మూటని ఆసుపత్రికి పంపించేశాడు. ఆ తరువాత తమ్ముడు అమేయ్‌ని పిలిచి ఒకే మాట చెప్పాడు. ఈ ఇంట్లో ఆ పరికరమైనా ఉండాలి, తనైనా ఉండాలి. ఆదివారం సాయంత్రానికి అది పోకపోతే కంపెనీ రెండు, వంటిల్లు రెండు.

ఇవాళ ఆదివారం. అమేయ్ మాత్రం తప్పించుకున్నాడు. వార్డులో సోమవారం పొద్దున కొత్త పద్ధతి మొదలవుతుందని కొంకణ్‌లోని ఆ ఆసుపత్రికి నిన్నే బస్సెక్కాడు.

"ఈ ఇంట్లో పెద్దవాడు 'అయిపోయింది' అన్న మాటను మళ్ళీ ఎవరూ కదపరు," అంది ఆయీ. "మీ నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే. ఆ మర్యాదని నువ్వు బాగా వాడుకుంటున్నావురా."

వెనక నుంచి మృణాల్ వచ్చింది, చేతిలో నేతి గిన్నెతో. శిరీష్ భార్య ఈ అలక మొదలైన దగ్గర నుంచి ఒక్క మాటా అనలేదు. ఇవాళ అనడానికే వచ్చింది.

"నా కూరలో ఉప్పు తక్కువని పెళ్ళైన దగ్గర నుంచి చెబుతున్నారు మీరు. లైను లైనుకీ కాదు, ముద్ద ముద్దకీ. చుట్టాల ముందర కూడా. నేనెప్పుడైనా అలిగి మిసళ్ కొట్టుకి పోయానా?"

"అది వేరు."

"అవును, వేరే. అది ఉప్పు. ఇది మీరు."

శిరీష్ ఏదో అనబోయాడు. అప్పుడే గుమ్మంలో కేతకి కనపడింది. అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళిపోతున్నట్టు కదిలి, వెళ్ళకుండా తలుపు పక్కన చెప్పులు సర్దుతూ నిలబడ్డారు. సర్దడానికి అక్కడ ఉన్నవి ఒక్క జతే.

"దాదా, తాళంచెవి మార్చేశాను," అంది కేతకి బావగారితో. "ఇకమీద దాని మాటల పక్కన నా మొహం రాదు. చుక్క బొమ్మ వస్తుంది. ముందే చెయ్యాల్సింది. ఆ తప్పు నాదే."

"మొహం సంగతి కాదమ్మా."

"మొహం సంగతే," అంది మృణాల్ చెప్పుల దగ్గర నుంచి.

శిరీష్ గొంతు పెంచాడు. "ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వార్డువాళ్ళకి నేనిచ్చిన మాట ఒక్కటే. సిస్టర్ల చేతులు ఖాళీగా ఉండవు, అందుకని స్క్రీన్ ఎక్కడా ఆగకూడదు. ఆగదు. ఆ మాట నిలబెట్టడానికి ఏం రాయాలో నాకు తెలుసు. నా పని నేను చూసుకోలేనా?"

"చూసుకోగలరు. కానీ మీ పని చూసి, ఇక్కడ తేడాగా ఉంది దాదా అనే నోరు ఈ ఇంట్లో ఎవరికుంది? అమేయ్‌కుందా? నాకుందా?" కేతకి గడప దాటి లోపలికి వచ్చింది. "నేను రాస్తే మీరు చూస్తారు. మీరు రాస్తే ఎవరూ చూడరు. అందుకే దాన్ని చేశాను. దానికి దాదా తెలీదు, మరదలు తెలీదు. లైనొక్కటే తెలుసు."

చెప్పుల సర్దుడు ఆగిపోయింది.

"అది చుక్క పెడుతుంది, అంతే. గీత కలపాలో వద్దో మన ఇష్టం. అది పెత్తనం చెయ్యదు దాదా."

"సాయంత్రంలోపు తీసేయ్."

"తీసేస్తాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని శిరీష్ అనుకోలేదు. వాదిస్తే గెలవొచ్చని మాటలు దాచుకున్నాడు. అవన్నీ నోట్లోనే మిగిలిపోయాయి.

"ఒక్కటే అడుగుతాను," అంది కేతకి. "మీరు మూసేసినవన్నీ చదివే మూశారు కదా?"

"చదివాను."

"అన్నీ?"

"చెప్పాను కదా, చదివానని!"

"అయితే నాకు బెంగలేదు." ఆ మాట ఊరికే అనలేదావిడ. మొహంలో బరువు దిగిపోవడం కనపడింది. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. ఆ వెనకే మిగతా ఇద్దరూ.

శిరీష్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు. అబద్ధం చెప్పిన నోటికి ఆమ్టీ ఎక్కుతుందా? ఎక్కలేదు. ఏం చెయ్యాలో తోచక, అబద్ధాన్ని ఆలస్యంగానైనా నిజం చేద్దామని కంప్యూటర్ తెరిచాడు. మనసులో ఇంకో ఆశ కూడా లేకపోలేదు. ఆ పరికరం కూసిన తప్పుడు కూత ఒక్కటి దొరికినా చాలు, సాయంత్రం భోజనాల దగ్గర అందరికీ వడ్డించవచ్చు.

మొదటి మడత విప్పాడు. "ఈ పేరు పైన ఒకలా ఉంది, ఇక్కడ ఒకలా ఉంది." ఓస్, ఇంతేనా, అనుకున్నాడు. రెండోది విప్పాడు. "ఈ లైను ఎప్పటికీ నడవదు. దీనికి పై లైనులోనే దారి మూసుకుపోతోంది." వెళ్ళి చూశాడు. మూసుకుపోతోంది. ఇంకోటి విప్పాడు. "డాక్టర్ మందు మార్చి, మోతాదు మార్చడం మరిచిపోతే ఇక్కడ ఏం కావాలి?" శిరీష్ కుర్చీలో ముందుకి జరిగాడు. ఏం కావాలి? తను ఆ మాట ఆలోచించనే లేదు.

విప్పుతున్నకొద్దీ కోపం ఎక్కడికి పోతోందో తెలియలేదు. ఒక్క మాటలోనూ ఎత్తిపొడుపు లేదు. "చెప్పానా" లేదు, "మళ్ళీనా" లేదు. తను ఆఫీసు పిల్లల పని చూసి రాసే మాటలు గుర్తొచ్చాయి. "ఇదేం రాత?" అంటాడు. ఏది, ఎక్కడ, ఎందుకు అనేది వాళ్ళే వెతుక్కోవాలి. ఇదేమో వేలు తీసుకెళ్ళి సరిగ్గా ఆ లైను మీదే పెడుతోంది. ఎందుకో ఒక్క ముక్కలో చెబుతోంది. తనకి తెలియని చోట అడుగుతోంది. ఆపైన నోరు మూసుకుంటోంది. ఇంత మర్యాద ఏ మనిషికి నేర్పినా వస్తుందా?

మోతాదు లెక్క కట్టే భాగానికి వచ్చాడు. తను వారం రోజులు నిద్ర మానుకుని రాసింది, లోలోపల గర్వపడింది. దాని కింద ఒక్క చుక్కా లేదు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చూశాడు, లేదు. ఎవరో శాలువా కప్పినట్టయింది. నాగపూర్‌వాళ్ళు పొగిడినప్పుడు కూడా అతనికి ఇంత సంతోషం కలగలేదు.

కొన్ని మాటల చివర ఇంకో చిన్న ముక్క ఉంది. "ఇది వార్డులో సిస్టర్ చెప్పినది." ఓ చోట, చేతికి తొడుగులున్నప్పుడు చిన్న బొత్తం నొక్కలేమని. ఓ చోట, ఏడిచే బిడ్డని పట్టుకుని రెండు చేతులా రాయలేమని. పోయిన వర్షాకాలంలో కేతకి ఆ ఆసుపత్రికి వెళ్ళి సిస్టర్ల పక్కన స్టూలేసుకుని కూర్చునేది. ఆఫీసులో పని వదిలేసి అక్కడ కబుర్లేమిటని శిరీష్ చాలాసార్లు విసుక్కున్నాడు. ఆ కబుర్లన్నీ ఇక్కడున్నాయి. ఆవిడ విన్న ప్రతి మాటనూ దీనికి నేర్పింది, మనుషులు మరిచిపోయిన పూట ఇది గుర్తు చేసేలాగ.

"ఏం పిల్ల!" అన్నాడు పైకే. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆ తరువాతి మడత విప్పి ఫక్కుమని నవ్వాడు. ఆ లైను రాసింది కేతకి. దాని కింద తప్పు చూపిస్తున్నదీ కేతకి ఫొటోయే. నత్తు పెట్టుకున్న కేతకి నవ్వుతూ కేతకినే నిలదీస్తోంది. చేసిన చేతుల్ని కూడా వదల్లేదన్నమాట! దీన్ని తీసుకెళ్ళి చూపించాల్సిందే. పరికరం ఉండనీ, నాకేం కోపం లేదు అనడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. రేపు వంటిల్లు రెండు కానక్కర్లేదు. ఇవాళ రాత్రికి భాకరి రొట్టె వేడివేడిగా తినొచ్చు.

అప్పుడు ఆ మాట చదివాడు.

"బరువు రాయకుండా వదిలేస్తే, ఇక్కడ ఆ బెడ్డు నంబరు మీద చివరిసారి రాసిన బరువు తీసుకుంటున్నాం. ఈలోగా బెడ్డు మీద బిడ్డ మారితే, వెళ్ళిపోయిన బిడ్డ బరువుతో కొత్త బిడ్డకి మందు లెక్క వస్తుంది. మనం కోరుకున్నది ఇదేనా? బెడ్డు వేరు, బిడ్డ వేరు. ఇది వార్డులో సిస్టర్ చెప్పినది."

నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. ఇంకోసారి చదివాడు. ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఉంది. తేలిపోయింది. తేల్చినవారు, శిరీష్ బర్వే.

మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. గురువారం నుంచి తొక్కని వంటింటి గడపని చెప్పుల్లేని కాళ్ళతో దాటేశాడు.

"వచ్చాడమ్మా!" అంది ఆయీ, దేవుడి పటం వైపు చూసి గరిటెతోనే చేతులు జోడిస్తూ. "మృణాల్, పళ్ళెం పెట్టు. భాకరి కాల్చు."

కేతకి భోజనాల బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. "తీసేస్తున్నాను దాదా, అయిపోవచ్చింది..."

"తియ్యకు!"

వంటింట్లో అందరూ అతనివైపు చూశారు. మృణాల్ పెదవుల మీద నవ్వు మొదలై, భర్త మొహం చూసి ఆగిపోయింది.

"ఈ లైను," అన్నాడు శిరీష్ తన ఫోనులో చూపిస్తూ. "నువ్వు రాసిందే. దీని కింద అది ఏం చెప్పిందో చూశావా?"

కేతకి చూసింది. "గురువారం పైపైన చూశాను. బరువు లేకపోయినా స్క్రీన్ ఆగకూడదన్నారు కదా మీరు. అందుకే పాత బరువు తీసుకున్నాను. వాళ్ళు బారసాల కూడా కాని బిడ్డలు, ఒక్కరికీ పేరుండదు. అందుకని బెడ్డు నంబరే పేరనుకుని రాసేశాను. అది తప్పేమోనని మళ్ళీ చూద్దామనుకునేలోపు..."

"చూద్దామనుకునేలోపు?"

"మీరు తేల్చేశారు. వార్డు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు, దాదా చదివి సరేనన్నారంటే సరే అయ్యుంటుందనుకున్నాను. ఇందాక కూడా అందుకే అడిగాను. మీరు చదివానన్నారు."

పెద్దవాడు అయిపోయిందన్న మాటని ఆ ఇంట్లో ఎవరూ కదపరు. కేతకి కూడా కదపలేదు. ఆ మర్యాద అంత భయం పుట్టిస్తుందని శిరీష్ ఎన్నడూ అనుకోలేదు.

"నేను చదవలేదు," అన్నాడు.

ఆయీ చేతిలో గరిటె అలాగే ఉంది. పెనం మీద భాకరి మాడుతున్నా మృణాల్ తిప్పలేదు.

"ఒక్కటీ చదవలేదు. కోపంతో నొక్కేశాను. ఇందాక నీతో చెప్పింది అబద్ధం."

కేతకి ఒక్క నిమిషం అతనివైపే చూసింది. తిడుతుందేమో, తిడితే బాగుండునేమో అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. "ఎలాగూ రేపు పొద్దున కదా మొదలయ్యేది," అంది. "ఇప్పుడు దిద్దేస్తే సాయంత్రానికి పంపించొచ్చు. ముందు అమేయ్‌కి చెప్పండి, ఎవరూ ముట్టుకోవద్దని."

శిరీష్ ఫోను కలిపి బల్ల మీద పెట్టాడు, అందరికీ వినపడేలా.

"దాదా!" అమేయ్ గొంతు ఉత్సాహంతో పొంగుతోంది. "నేనే చేద్దామనుకుంటున్నాను. నీ కోపం తగ్గిందా? మంచి కబురు విను. పెద్ద సిస్టర్‌కి మన స్క్రీన్ ఎంత నచ్చిందంటే, రేపటిదాకా ఎందుకని ఇవాళ మధ్యాహ్నమే మొదలుపెట్టేశారు!"

శిరీష్ ఫోను మీదకి వంగాడు.

"దాదా? ఉన్నావా?"

"ఏ బెడ్డు మీదైనా బిడ్డ మారిందా?" అడిగాడు శిరీష్. "మొదలుపెట్టిన తరువాత, ఒక బిడ్డ వెళ్ళి ఇంకో బిడ్డ వచ్చిందా?"

"ఆఁ, కిటికీ పక్క బెడ్డు. బొద్దుగా ఉన్న బాబు ఇంటికెళ్ళాడు. వెంటనే నెలలు నిండని పాప వచ్చింది. ఇంతే ఉంది దాదా, గుప్పెడు."

"బరువు రాశారా?"

"తూచే వ్యవధి ఎక్కడిది? ఊపిరికి ఇబ్బంది పడుతోంది. ముందు మందు ఎంతో చూడమన్నారు డాక్టర్. మన స్క్రీన్ ఆగలేదు దాదా! టక్కున లెక్క చెప్పేసింది. నువ్వన్నట్టే. అందరూ మెచ్చుకున్నారు."

కేతకి లేచి నిలబడింది.

"పరిగెత్తు," అన్నాడు శిరీష్. "ఏమీ అడక్కు. పరిగెత్తి ఫోను సిస్టర్ చేతికివ్వు."

అమేయ్ చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, ఎవరో కసురుకోవడం, యంత్రాల కూతలు. ఆ తరువాత ఒక ఆడగొంతు. "ఏమిటి సాహెబ్, ఇక్కడ మేం పనిలో ఉన్నాం."

"కిటికీ పక్క పాపకి ఆ మందు ఇవ్వకండి. లెక్క తప్పు. వెళ్ళిపోయిన బాబు బరువుతో వచ్చిన లెక్క అది. పాపని తూచండి, చేత్తో లెక్కకట్టండి. తప్పు నాది. శిరీష్ బర్వేని. చదవకుండా పంపించాను."

ఫోను ఎక్కడో పెట్టేసిన చప్పుడయింది. అడుగులు దూరమయ్యాయి. ఓ బిడ్డ ఏడుపు వినపడింది. అది ఆ బిడ్డో వేరే బిడ్డో ఇక్కడివాళ్ళకెలా తెలుస్తుంది? ఆయీ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. మృణాల్ పొయ్యి కట్టేసింది. శిరీష్ తన పేరు పక్కనున్న ఆ "తేలిపోయింది"ని కేతకి కంప్యూటర్‌లో తనే విప్పి, మళ్ళీ తెరిచిపెట్టాడు. చెయ్యగలిగింది అదొక్కటే ఉంది అప్పుడు.

అడుగులు వెనక్కి వచ్చాయి. సిస్టర్ ఆయాసపడుతోంది.

"బర్వే సాహెబ్, అంత దూరాన కూర్చుని మీకెలా తెలిసింది?"

పాపకి మందు పడిందో, ఆగిందో ఆవిడ చెప్పలేదు. ఎలా తెలిసిందో చెప్పాల్సింది ఆ చుక్కని చేసిన మనిషేనని శిరీష్ ఫోను తీసి కేతకి చేతిలో పెట్టాడు.